పార్కులో టెలిస్కోప్ రాత్రులకు వాలంటీర్‌గా వెళ్దామని ఉంది. టెలిస్కోప్ లేనివాళ్లకు అక్కడ పనేముంటుంది?

మబ్బులరాణి

అందరికీ నమస్తే. మా దగ్గర ఒక ఖగోళ క్లబ్బు వాళ్లు నెలకోసారి పార్కులో టెలిస్కోపులు పెట్టి, వచ్చినవాళ్లందరికీ ఆకాశం చూపిస్తుంటారు. పోయిన నెల నేనూ లైన్లో నిలబడి చూసొచ్చాను. చంద్రుడి మీద గుంటలు అంత స్పష్టంగా, అంచుల నీడలతో సహా కనిపిస్తాయని అనుకోలేదు. బయటికొస్తుంటే గేటు దగ్గర వాలంటీర్లు కావాలని కాగితం అంటించి ఉంది. ఫోన్లో ఫొటో తీసుకున్నాను గానీ ఇప్పటిదాకా పేరివ్వలేదు.

ఎందుకంటే నాకు టెలిస్కోప్ లేదు. ఇప్పట్లో కొనే ఆలోచనా లేదు. చదివింది కామర్స్. ఆకాశంలో సప్తర్షి మండలం, ధ్రువ నక్షత్రం, ఇంకో నాలుగైదు చుక్కలు గుర్తుపడతాను, అంతే. నలుగురిలో నోరు విప్పాలంటే టెన్షన్. ఏ పిల్లాడో వచ్చి "బ్లాక్ హోల్‌లో పడితే ఏమవుతుంది" అంటే బిక్కమొహం వెయ్యాల్సిందే.

నాలాంటివాళ్లకు అక్కడ ఏం పని చెబుతారు? కుర్చీలు మొయ్యడమా? మోస్తాను, అందులో నామోషీ ఏం లేదు. కాకపోతే అదొక్కటేనా, ఇంకేమైనా ఉంటుందా అని. వెళ్లే ముందు ఏం చదువుకోవాలి? ఇలాంటివాటికి వెళ్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

పాతదుర్భిణి

కుర్చీలు మోయిస్తారండీ, దాచడమెందుకు. కానీ అది అరగంట పని. ఆ తర్వాత రాత్రంతా అసలు పని ఉంటుంది, దానికే మనుషులు దొరకరు. టెలిస్కోప్ తెచ్చేవాళ్లు ఏ క్లబ్బులోనైనా ఉంటారు. ఆ టెలిస్కోప్ ముందు నిలబడ్డ లైనుతో మాట్లాడేవాళ్లకే కరువు. నేను చాలా ఏళ్లుగా నా టెలిస్కోప్ పట్టుకెళ్తున్నాను. పక్కన మంచి వాలంటీర్ ఉన్న రాత్రికీ, లేని రాత్రికీ ఎంత తేడా ఉంటుందో నన్నడగండి.

ఎందుకో చెబుతా. పార్కులకు వచ్చే టెలిస్కోపుల్లో చాలావరకు డాబ్సోనియన్లే. పెద్ద గొట్టం, కింద చెక్క పెట్టె. మామూలు వాటికి మోటారు ఉండదు, చేత్తో తిప్పుకోవడమే. జాన్ డాబ్సన్ అనే ఆయన వల్ల ప్రచారంలోకొచ్చిన పద్ధతి ఇది. ఆయన రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత సొసైటీ మఠంలో 23 ఏళ్లు సన్యాసిగా ఉన్నారు. టెలిస్కోపుల పిచ్చి ముదిరి, చివరికి 1967లో మఠం వదలాల్సి వచ్చింది. మరుసటి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో ఫుట్‌పాత్ మీద టెలిస్కోప్ పెట్టి, దారిన పోయేవాళ్లను పిలిచి చూపించే బృందం మొదలైంది. మనం పార్కుల్లో చేస్తున్నది అదే పని.

సరే, విషయానికొస్తా. మోటారు లేదు కాబట్టి భూమి తిరిగేకొద్దీ గ్రహం ఐపీస్‌లోంచి, అంటే మనం కన్ను పెట్టి చూసే చిన్న కటకాల గొట్టంలోంచి, జారిపోతుంటుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు కదులుతుంది. 100 రెట్లు పెద్దది చేసి చూపించే మామూలు ఐపీస్‌లో కనిపించేది అర డిగ్రీ మేర ఆకాశమే. ఈ అంచున కనిపించిన శని రెండు నిమిషాల్లో ఆ అంచు దాటిపోతుందన్నమాట. మధ్యలో పెట్టి వదిలితే ఉండేది ఒక్క నిమిషమే. ఇద్దరు ముగ్గురు చూడగానే నేను మళ్లీ కన్ను పెట్టి సరిచెయ్యాలి. ఒక కన్ను ఫైండర్‌లో (గురిచూసుకోవడానికి గొట్టం పక్కన ఉండే బుల్లి దుర్భిణి), ఒక చెయ్యి గొట్టం మీద ఉన్నవాడు వెనకున్న అంత జనంతో ఏం మాట్లాడతాడు?

మీ పని అక్కడే. చాలాసేపు లైన్లో నిలబడినవాళ్లు, తీరా ఐపీస్ దగ్గరికొచ్చాక నాలుగైదు సెకన్లు చూసి వెళ్లిపోతుంటారు. ఏం చూడాలో తెలీక. నెట్‌లో చూసిన ఫొటో అంత శని కనిపిస్తుందనుకుని వస్తారు, కనిపించేదేమో ముత్యమంత. మీరు లైన్ మధ్యలో నిలబడి ముందే చెప్పెయ్యాలి: "చిన్నగానే ఉంటుందండీ. కానీ రింగుకీ గ్రహానికీ మధ్య నల్లటి సందు దొరుకుతుందేమో చూడండి. పక్కన చిన్న చుక్క ఉంటే అది టైటన్, శని చంద్రుళ్లలో అన్నిటికన్నా పెద్దది." ఈ రెండు ముక్కలు చెవిన పడ్డ మనిషి అర నిమిషం పాటు కన్ను తియ్యడు.

ఇంకోటి. "కనిపించిందా?" అని మాత్రం అడక్కండి. ఎవరైనా "ఆఁ" అనే అంటారు. మొహమాటం. వెనక అంతమంది కాచుకుని ఉంటే తన ఒక్కడికే కనిపించలేదని ఎవరు చెబుతారు? "చుక్కలు ఎన్ని ఉన్నాయి?", "రింగు ఎటు వాలి ఉంది?" అని అడగాలి.

ఒకసారి గురుగ్రహం చూపిస్తున్నాం. ఒక పెద్దాయన ఐపీస్‌కి మొహం ఆనించి, "బాగుందండీ, చాలా బాగుంది" అంటూ మెట్టు దిగబోయారు. మా వాలంటీర్ అమ్మాయి "పక్కన చుక్కలు ఎన్ని కనిపించాయి తాతగారూ?" అంది. "చుక్కలా? నాకు తెల్లటి మసక తప్ప ఏం కనిపించలేదమ్మా" అన్నారు అప్పుడు. కళ్లజోడు అద్దం ఐపీస్‌కి అడ్డుపడి కన్ను దూరంగా, కాస్త పక్కకి ఉండిపోయింది. ఆ అమ్మాయి ఆయన కళ్లజోడు తీయించి, ఫోకస్ మర మీద ఆయన వేళ్లే పెట్టించి, "చుక్కలు సన్నగా అయ్యేదాకా మెల్లగా తిప్పండి" అంది. తిప్పారు. ముందుకీ వెనక్కీ రెండుసార్లు పోయొచ్చి ఒకచోట ఆగారు. "ఇటు రెండు... అటు ఒకటి." ఆ చుక్కలు గురుగ్రహం పెద్ద చంద్రుళ్లు, మొత్తం నాలుగు. నాలుగోది, అయో, అప్పుడు గ్రహం వెనక ఉంది. ఇంకాసేపట్లో బయటికొస్తుందని చెబితే ఆయన వెళ్లి మళ్లీ లైన్ చివర నిలబడ్డారు. ఇక చూడండి, గెలీలియో 1610 జనవరిలో చూసినవి ఇవేనని ముందున్నవాళ్లకూ వెనకున్నవాళ్లకూ ఆయనే చెప్పడం మొదలెట్టారు.

అయో గురుగ్రహాన్ని 42 గంటలకు కాస్త పైగా సమయంలో ఒకసారి చుట్టేస్తుంది. గంటలో గ్రహం వెడల్పులో దాదాపు సగం దూరం జరిగిపోతుంది. అందుకని సాయంత్రం చూసినవాళ్లను ఇంటికెళ్లే ముందు ఇంకోసారి చూసి వెళ్లమనండి. చుక్కల వరస మారి ఉండటం వాళ్లే పట్టుకుంటారు.

కళ్లజోడు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. దగ్గరిచూపు, దూరపుచూపు సమస్యలైతే జోడు తీసేసి ఫోకస్ మార్చుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్లు మాత్రం పెట్టుకునే చూడాలి. తర్వాతివాళ్లకు ఫోకస్ చెదురుతుంది, అది మామూలే. వాళ్లనూ తిప్పుకోమనండి. తమ చేత్తో తిప్పి తెచ్చుకున్న బొమ్మను జనం ఇంకాసేపు చూస్తారు, ఇది నేను గమనించిందే.

ఇక, చీకటి పడకముందు ఉండే పని అన్నిటికన్నా ముఖ్యం. టెలిస్కోపులు వెలుతురుండగానే బిగిస్తాం. అప్పటికింకా పడమట సూర్యుడు ఉంటాడు. దగ్గర ఎవరూ లేని టెలిస్కోపును ఏ పిల్లాడో అటు తిప్పి కన్ను పెట్టాడంటే కన్ను పోతుంది, మాటవరసకి అనడం లేదు. సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా మూతలు తియ్యకూడదు, ఏ టెలిస్కోపునూ వదిలి పోకూడదు. దాని ఓనరు ఇంకో పెట్టె కోసం బండి దగ్గరికెళ్తే "మీరెళ్లి రండి, నేనుంటా" అని నిలబడే మనిషి కావాలి. పగటిపూట సూర్యుణ్ని చూపించే కార్యక్రమాలు వేరు. వాటికి గొట్టం ముందు భాగానికి బిగించే సౌర ఫిల్టర్ వాడతారు. పాత టెలిస్కోపులతో పాటు వచ్చే, ఐపీస్‌కి బిగించే చిన్న నల్లద్దాలు వేడికి చిట్లిపోతాయి. ఎవరైనా అలాంటిది తెస్తే మీకు తెలిసిన పెద్దవాళ్లెవరికైనా వెంటనే చెప్పండి, మొహమాటపడొద్దు.

బ్లాక్ హోల్ భయం వదిలెయ్యండి. జనం అడిగేవి అవి కాదు. "ఇది ఎంత దూరం చూపిస్తుంది?", "ఎన్ని రెట్లు?", "చంద్రుడి మీద జెండా కనిపిస్తుందా?" — రాత్రంతా ఇవే తిరిగి తిరిగి వస్తాయి. జెండా కనిపించదు. అపోలో వాళ్లు అక్కడ వదిలేసిన దిగుడు భాగమే నాలుగు మీటర్లుంటుంది. మన టెలిస్కోపుల్లో రెండు కిలోమీటర్ల కన్నా చిన్న గుంట దొరకడమే కష్టం. అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోప్‌కీ ఆనదు. చంద్రుడి చుట్టూనే తిరుగుతూ ఫొటోలు తీసే ఎల్‌ఆర్‌ఓ నౌక 2009 నుంచి ఆ చోట్లను ఫొటోలు తీసింది, అవి ఫోన్లో పెట్టుకుని చూపించొచ్చు. రానిది అడిగితే "నాకు తెలీదు, ఆ చివరి టెలిస్కోప్ ఆయన్ని అడుగుదాం రండి" అని తీసుకెళ్లండి. మాట్లాడటానికి టెన్షన్ అన్నారు కదా. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనిపించదు, పైగా ఒకసారికి ఇద్దరు ముగ్గురితోనే మాట్లాడతారు. స్టేజీ ఎక్కడం లాంటిది కాదు.

లెక్కలమాస్టారు

పాతదుర్భిణి గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్కదగ్గర మాత్రం కాదు. "ఏమీ చదవకపోయినా ఫర్వాలేదు" అన్న అర్థం వస్తోంది, అది సరికాదు. చీకట్లో వాలంటీర్ చెప్పిన తప్పు పిల్లాడి బుర్రలో ఏళ్ల పాటు ఉండిపోతుంది.

నాకు ఒళ్లు మండేది ఒకటుంది: "మీరు చూస్తున్న ఈ నక్షత్రాలు ఎప్పుడో చచ్చిపోయాయి, వాటి వెలుగే ఇప్పుడు చేరుతోంది." వినడానికి బాగుంటుంది, అందుకే అందరూ చెబుతారు. మామూలు కంటికి కనిపించే నక్షత్రాల్లో దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపే ఉన్నాయి. నక్షత్రాల ఆయుష్షు లక్షల్లో, కోట్లలో, వందల కోట్లలో ఉంటుంది. కాబట్టి మీకు కనిపించేవి ఇంచుమించు అన్నీ ఇప్పటికీ వెలుగుతూనే ఉన్నాయి. ఆర్ద్ర నక్షత్రం, అదే బెటెల్‌జూస్, పేలిపోతుందని పేపర్లో వచ్చిందంటారు ఎవరో. పేలుతుంది. కాకపోతే ఇవాళో రేపో అని కాదు, రాబోయే లక్ష ఏళ్లలో ఎప్పుడో.

అంత కథ చెప్పకుండా వెలుగు ప్రయాణకాలం చెప్పండి, అది నిజమూ, రుచిగానూ ఉంటుంది. చంద్రుడి వెలుగు మనల్ని చేరడానికి 1.3 సెకన్లు. సూర్యుడి నుంచి 8 నిమిషాల పైచిలుకు. శని నుంచి గంట పైనే, అది మనకు దగ్గరున్నప్పుడూ దూరమున్నప్పుడూ కొంచెం తేడాతో. అభిజిత్ నక్షత్రం నుంచి 25 ఏళ్లు. పాతికేళ్ల కుర్రాడు లైన్లో ఉంటే "నువ్వు పుట్టినప్పుడు బయల్దేరిన వెలుగు ఇది" అనండి, వాడు కదలడు.

ఇంకో తప్పు, "ఎన్ని రెట్లు" అన్నదానికి గొప్పగా అంకె చెప్పడం. రెట్లు ఐపీస్ మారిస్తే మారతాయి. టెలిస్కోప్ సత్తా దాని అద్దం వెడల్పులో ఉంది. ఎంత వెడల్పుంటే అంత వెలుగు పోగుచేస్తుంది, అంత సన్నటి వివరం విడదీస్తుంది. ఒకే టెలిస్కోప్‌కి ఇంకో ఐపీస్ పెట్టి చూపిస్తే వాళ్లకే అర్థమవుతుంది.

శని గురించి ఒక మాట ముందే తెలుసుకుని వెళ్లండి, ఎందుకంటే తప్పకుండా అడుగుతారు. "చిన్నప్పుడు చూశాను, రింగులు పెద్దగా ఉండేవి, ఇప్పుడేంటి ఇలా ఉన్నాయి?" అని. రింగులు తరగలేదు. సుమారు 15 ఏళ్లకోసారి అవి మనకు అంచువైపు తిరుగుతాయి. 2025 మార్చిలో అలాగే జరిగింది. రింగులు ఈ చివర నుంచి ఆ చివరకు 2,70,000 కిలోమీటర్లకు పైగా ఉన్నా, మందం మాత్రం చాలాచోట్ల కొన్ని పదుల మీటర్లకు మించదు. అంచువైపు నుంచి చూస్తే సన్నటి గీత, ఒక్కోసారి అదీ ఉండదు. అక్కడి నుంచి ఏటేటా తెరుచుకుంటూ 2032 ప్రాంతానికి బాగా విచ్చుకుంటాయి.

చంద్రుడి విషయంలో అందరూ పౌర్ణమి నాడు పెట్టమంటారు. పౌర్ణమి నాడు చంద్రుడి మీద మనకు కనిపించే వైపంతా ఎండ సూటిగా పడి నీడలు ఉండవు, గుంటలు చదునుగా కనిపిస్తాయి. పైగా ఆ వెలుగులో ఇంకేమీ కనిపించదు. అందుకే క్లబ్బులు శుక్లపక్షంలో సప్తమి, అష్టమి దగ్గర పెట్టుకుంటాయి. అప్పుడు సూర్యుడు అస్తమించేసరికే చంద్రుడు నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు, అర్ధరాత్రి దాకా ఉంటాడు. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడమని చెప్పండి. అక్కడి వాళ్లకు అది సూర్యోదయం. శిఖరాల మీద ఎండ పడి, గుంటలు ఇంకా నల్లగా ఉంటాయి. ఆ గీత దాటి చీకటి వైపు ఒంటరిగా మెరిసే చుక్క ఏదైనా కనిపిస్తే అది ఏదో కొండ కొమ్ము. మబ్బులరాణి గారు చూసిన నీడలు కూడా ఆ గీత దగ్గరివే అయ్యుంటాయి.

మొత్తం ఖగోళశాస్త్రం చదవక్కర్లేదు. ఆ రాత్రి చూపించబోయేవి నాలుగైదే ఉంటాయి. క్లబ్బు వాళ్లను ముందే అడిగి వాటి గురించి మాత్రం గట్టిగా చదువుకోండి.

ఎర్రలైటు

నేను వాలంటీర్ వైపు నుంచి చెబుతాను. నాకూ టెలిస్కోప్ లేదు, ఇప్పటికీ లేదు.

పార్కు ఆకాశం చూడటానికి కట్టింది కాదు, ఆ సంగతి మొదటిరోజే అర్థమవుతుంది. ఒకసారి రాత్రి సరిగ్గా లైన్ పెరిగిన టైముకి గడ్డిలోంచి నీళ్లు చిమ్మే గొట్టాలు వాటంతటవే ఆన్ అయ్యాయి. టైమర్ పెట్టి ఉందట. జనం ఒక దిక్కు, టెలిస్కోపుల మీద కప్పడానికి దుప్పట్లు పట్టుకుని మేమొక దిక్కు పరిగెత్తాం. అప్పట్నుంచీ సాయంత్రమే పార్కు కాపలావాళ్లను కలిసి మూడు అడుగుతాం: నీళ్ల టైమర్ ఆపారా, మా దగ్గరున్న స్తంభం లైటు ఆపుతారా, గేటు ఎన్నింటికి వేస్తారు. ఇది ఒక మనిషి పని. టెలిస్కోపు వాళ్లు చెయ్యరు, వాళ్లకు ఆ ధ్యాసే ఉండదు.

చీకట్లో ట్రైపాడ్ కాళ్లు తన్నుకుని పడతారు. కాళ్లకు మెరిసే టేపు చుడతాం, లేదా కింద చిన్న ఎర్ర లైటు పెడతాం. ఎర్రటి కాగితం చుట్టిన టార్చి మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి ఫోన్ వెలుగు దాన్ని చెడగొడుతుంది. మసక ఎర్ర వెలుగైతే అంతగా చెడగొట్టదు. కానీ ఒక మాట: చంద్రుణ్ని, గ్రహాలను చూపించే టెలిస్కోప్ దగ్గర ఫోన్ తీశారని ఎవర్నీ కసరకండి. చంద్రుడి వెలుగే కళ్లు జిగేలుమనిపిస్తుంది, ఇంక ఫోన్ ఏం చేస్తుంది? నెబ్యులా (అంతరిక్షంలోని మసక వాయుమేఘాలు), నక్షత్ర గుచ్ఛాలు చూపించే టెలిస్కోపును దూరంగా చీకటి మూలలో పెట్టిస్తే అక్కడ మాత్రం గట్టిగా చెప్పొచ్చు. కొందరు వాలంటీర్లు రాత్రంతా "లైటు ఆపండి, లైటు ఆపండి" అంటూనే ఉంటారు. ఆ జనం మళ్లీ రారు.

పిల్లలు. మరీ చిన్నపిల్లలకు ఐపీస్‌లో చూడటం చేతకాదు, బలవంతపెట్టొద్దు. మామూలు కంటితో చంద్రుణ్ని చూపించి పంపెయ్యండి. కొంచెం పెద్దవాళ్లు ఒక కన్ను మూయమంటే రెండూ మూసేస్తారు. అరచేత్తో ఒక కన్ను కప్పుకోమంటే సరి. ఎత్తుకుని చూపించే పని వాళ్ల అమ్మానాన్నలదే, మనం ఎత్తకూడదు. ఎత్తుకున్న పిల్లలు రెండు చేతులతో ఐపీస్ పట్టేసుకుంటారు. అందుకే కమ్మీ ఉన్న చిన్న నిచ్చెన ఎక్కించి, రెండు చేతులూ ఆ కమ్మీ మీద పెట్టించండి. పెద్దవాళ్లకూ ఈ చిట్కా పనికొస్తుంది, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికితే టెలిస్కోప్ జోలికి రారు.

వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకు పెద్ద డాబ్సోనియన్ల దగ్గర ఇబ్బంది. ఐపీస్ గొట్టం పైచివర ఉంటుంది, పైకి గురిపెడితే ఇంకా ఎత్తుకి పోతుంది. లెన్సుతో పనిచేసే చిన్న టెలిస్కోప్ ఒకటి ఉంటే, దాని ఐపీస్ కింది చివర ఉంటుంది, ట్రైపాడ్ దించితే కూర్చున్న మనిషి కంటికి అందుతుంది. దాన్ని గడ్డిలో కాకుండా కాలిబాట పక్కన పెట్టించండి. ఇది ముందే అడిగి పెట్టించుకోవాలి, లైన్ మొదలయ్యాక మార్చడం కుదరదు.

మబ్బులరాణి

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. "ఎన్ని చుక్కలు" అని అడగాలన్నది భలే నచ్చింది. నేనూ ఆ రోజు ఒక టెలిస్కోప్ దగ్గర ఏమీ కనిపించకుండానే "సూపర్" అని వచ్చేశాను, ఇప్పుడు చెబుతున్నా.

రెండు ప్రశ్నలు మిగిలాయి. లైన్లో విసుగ్గా నిలబడేవాళ్లకు టెలిస్కోప్ లేకుండా చూపించగలిగేవి ఏమైనా ఉంటాయా? అలాంటి పనైతే నాకు ధైర్యంగా ఉంటుంది. దానికి ఆకాశంలో చుక్కల్ని వేలెత్తి చూపినట్టు చూపించే ఆ పచ్చటి లేజర్ ఉండాలా? మబ్బు పట్టేస్తే ఏం చేస్తారు?

పాతదుర్భిణి

ముందు మాస్టారికి: చదవక్కర్లేదని నేననలేదండీ! అభిజిత్ ముక్క బాగుంది, ఈసారి నేనూ వాడతా.

మబ్బులరాణి గారూ, లేజర్ కొనకండి. ఎక్కడ ఏ నిబంధన ఉందో చూసుకోవాలి, విమానాల వైపు పడితే పైలట్ల కళ్లు చెదురుతాయి, ఎదుటివాళ్ల కంట్లో పడితే ఇంకా ప్రమాదం. క్లబ్బులో బాధ్యత ఉన్న ఒక్కరి దగ్గరే ఉండాలి. మీకు మీ చెయ్యి చాలు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. "ఆ చెట్టు కొసకు రెండు పిడికిళ్ల పైన" అంటే ఎవరికైనా దొరుకుతుంది.

సప్తర్షులు తెలుసన్నారు కదా, అక్కడి నుంచే మొదలెట్టండి. తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, దాన్ని ఆనుకునే అరుంధతి. రెండూ విడివిడిగా కనిపిస్తున్నాయా అని అడగండి. లైన్లో పందేలు మొదలవుతాయి. కనిపించినవాళ్లు కనిపించనివాళ్లకు చూపిస్తారు, మీరు మాట్లాడే అవసరం కూడా ఉండదు. ఆ వాదన నడుస్తుండగా వశిష్ఠుణ్ని టెలిస్కోప్‌లో చూస్తే అదొక్కటే మళ్లీ రెండుగా విడిపోతుందని చెప్పండి. చతురస్రంలో తోకకు దూరంగా ఉన్న రెండు నక్షత్రాల గీతను, వాటి మధ్య దూరానికి ఐదింతలు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. అది అన్నిటికన్నా ప్రకాశమైనదని జనం అనుకుంటారు, కాదని మీరే చూపించొచ్చు. సప్తర్షులు ఆ వేళకు కనిపించని నెలల్లో కృత్తికలు ఎన్ని లెక్కపెట్టగలరో అడగండి, అదీ బాగా పనిచేస్తుంది.

ఇంకొకటి, అంతరిక్ష కేంద్రం. ఐఎస్‌ఎస్ ఆ సాయంత్రం మీ మీదుగా వెళ్తుందేమో ముందు రోజే చూసుకోండి, యాప్‌లు ఉన్నాయి. 400 కిలోమీటర్ల పైన గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కొద్ది నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది, కొన్నిసార్లు నడిమధ్యలో భూమి నీడలోకి వెళ్లి ఉన్నట్టుండి ఆరిపోతుంది. రెండు నిమిషాల ముందు గట్టిగా కేకెయ్యండి. లైన్లన్నీ చెదిరిపోతాయి, ఫర్వాలేదు. ఏ టెలిస్కోపునూ దాని వైపు తిప్పడానికి తిప్పలు పడొద్దని మాత్రం మా వాళ్లకు చెప్పండి, ప్రతిసారీ ఎవడో ఒకడు తిప్పుతాడు.

మబ్బు పడితే పూర్తిగా పడిందా, సందులున్నాయా అన్నది తేడా. సందులుంటే చంద్రుడు, గ్రహాలు దొరుకుతాయి, నలుగురైదుగురికి చూపించి మళ్లీ ఆగుతాం. పూర్తిగా మూసుకుపోతే టెలిస్కోప్ మూత తీసి లోపల అద్దం చూపిస్తాం, వెలుగు ఎలా తిరుగుతుందో చెబుతాం. దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్రలైటు మీద గురిపెట్టి ఫోకస్ చెయ్యడం పిల్లలతో చేయిస్తాం. ఆ రాత్రుల్లో వచ్చేది పదిమందే అయినా, వాళ్లు అడిగే ప్రశ్నలు బాగుంటాయి. వాన వాసన వస్తే మాత్రం ఆలోచించొద్దు, కప్పేసి సర్దెయ్యడమే.

సర్దేటప్పుడు ఉండండి, ముందే వెళ్లిపోకండి. గడ్డిలో ఐపీస్ మూతలు, చిన్న మరలు పడిపోయి ఉంటాయి. అప్పుడిక తెల్లటి టార్చే వేసుకోవచ్చు. క్లబ్బు వాళ్ల మాటలు వినడానికి కూడా అదే మంచి సమయం, ఎవరు ఏ రాత్రి చీకటి ప్రదేశానికి వెళ్తున్నారో అప్పుడే తెలుస్తుంది.

ఎర్రలైటు

పేరిచ్చేటప్పుడు "లైన్ దగ్గర ఉంటాను" అని రాసెయ్యండి మబ్బులరాణి గారూ. అలా రాసేవాళ్లు చాలా తక్కువ, వెంటనే ఫోన్ వస్తుంది. నడిచే బూట్లు వేసుకుని రండి, రాత్రయ్యేసరికి గడ్డి మంచుకి తడిసిపోతుంది.

మబ్బులరాణి

రాసి పంపాను. సప్తమికి రమ్మన్నారు, సూర్యాస్తమయానికి గంట ముందు. మొదటి పని కుర్చీలేనట 🙂